థార్‌కు స్నార్కెల్: పైపు కన్నా అతుకులే పెద్ద పని

జూలై చివర

బండి మహీంద్రా థార్, 2020 తర్వాతి మోడల్, 2.2 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మేం ఉండేది చెన్నై మేడవాక్కంలో, సొంతూరు నాయుడుపేట పక్కన. నెలలో ఒకటి రెండుసార్లు ఎన్‌హెచ్ 16 మీద పైకి కిందికి తిరుగుతుంటాను. సూళ్లూరుపేట దాటాక హైవే దిగి ఊళ్లోకి పోయే దారిలో ఒక వంక ఉంది, దాని మీద చప్టా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ చప్టా మీద నీళ్లు పారని వారం తక్కువ. ఇటు చెన్నైలో చూస్తే మేడవాక్కం, పెరుంబాక్కం, వేళచ్చేరి అన్నీ పళ్లికరణై చిత్తడి నేల చుట్టూ లేచిన కాలనీలే. ఈశాన్య రుతుపవనాలు రాగానే ఎటు తిరిగినా నీళ్లే.

స్నార్కెల్, అంటే ఇంజన్‌కు కప్పు ఎత్తు నుంచి గాలి అందించే పైపు, పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. కొనేముందు, అది ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది రాసుకుని మొదలుపెడుతున్నాను. మా బావ అయితే, "నీళ్లలో పడవలా పోతుందంట కదా బామ్మర్దీ" అంటున్నాడు. పోదు.

థార్ దాటగలిగే నీటి లోతు 650 మిల్లీమీటర్లని కంపెనీ చెబుతుంది. స్నార్కెల్ పెట్టినంత మాత్రాన ఆ అంకె పెరగదు. ఇంజన్ గాలి పీల్చే నోరు బానెట్ కింది నుంచి కప్పు ఎత్తుకు, అంటే దాదాపు 1.8 మీటర్లకు చేరుతుంది. మారేది అదొక్కటే. ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల డబ్బా) బ్రీదర్లు (దాని గాలి రంధ్రాలు), తలుపుల రబ్బర్లు అన్నీ ఉన్న ఎత్తులోనే ఉంటాయి. కాబట్టి స్నార్కెల్‌ను 650కి లోపల ఉన్నప్పుడు గుంతలో ముక్కు దిగబడినా, ఎదురుగా వచ్చే లారీ అల లేపినా ఇంజన్‌ను కాపాడే బీమాగా చూడాలి. బీమా ఉంది కదా అని ఎవరూ బావిలో దూకరు.

ఆ కాపాడటం ఎందుకంత అవసరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంజన్ 2184 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 546 సీసీ. ఇలాంటి డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నలుగుతుందన్న లెక్క) 16:1 చుట్టూ ఉంటుంది. అంటే పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు పైన మిగిలే చోటు సుమారు 36 మిల్లీలీటర్లు. దగ్గు మందు మూతతో నాలుగు మూతలు కూడా పట్టదు. అంతకు మించి నీళ్లు ఒక సిలిండర్‌లోకి పోతే నీరు గాలిలా నలగదు, పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. ఆ తర్వాత మా చుట్టుపక్కల వర్క్‌షాపుల ముందు నిలబడ్డ కార్లలో చాలావాటి కథ ఇదే. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ స్టార్టు కొట్టారు. ఆగిన బండిని ఆగినట్టే తోసుకుని బయటికి తెచ్చుంటే వాటిలో కొన్ని ఇంజన్లు బతికేవి.

ఆగస్టు, మొదటి వారాలు

చట్టం సంగతి ముందే చూసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని సెక్షన్ 182ఎలో చేరింది. బయటి షాపులో పెట్టించే స్నార్కెల్ ఏ వైపుకు వస్తుందన్నది ఎదురుగా నిలబడ్డ ఆఫీసర్ చూపు మీద కూడా ఆధారపడుతుంది. అందుకే బానెట్ దాటి ముందుకు పొడుచుకొచ్చేది, అద్దానికి అడ్డం వచ్చేది వద్దనుకున్నాను. బీమా కంపెనీకి ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకున్నాను. పాలసీలో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవడం మంచిది. అది లేకపోతే నీళ్లు పోయి పాడైన ఇంజన్‌కు మామూలు పాలసీ డబ్బులివ్వదు.

ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్లకు ఫోర్స్ గూర్ఖా ఉంది. 2021లో వచ్చిన మోడల్‌కు స్నార్కెల్ కంపెనీ నుంచే వస్తుంది, దాటగల లోతు 700 మిల్లీమీటర్లు. నాకు థార్ ఇప్పటికే ఇంట్లో ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఆగస్టు, జీపీ రోడ్డు

మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే జీపీ రోడ్డు. కారుకు వేసే అలంకారాలన్నీ అక్కడే దొరుకుతాయి. ఒక షాపులో స్నార్కెల్ అడిగితే రెండు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎక్కువ ధర, ఇంకోటి అందులో ఐదో వంతు కూడా లేదు. తక్కువ దాని వెనక చూస్తే రంధ్రమే లేదు. డబుల్ టేపుతో ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) మీద అతికించేది. లుక్ కోసం అన్నాడు. అలాంటి డమ్మీ పెట్టుకున్న బండ్లు ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బోలెడు కనిపిస్తాయి. సరదాకు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆ బండి రెండో ఓనర్ చేతికి పోయినప్పుడే భయం. అది నిజమైనదనుకుని అతను వంకలోకి దిగుతాడు.

నిజమైన వాటిలో మూడు రకాలు చూశాను.

ఫైబర్‌గ్లాస్‌తో లోకల్‌గా చేసినవి చవక. బయట నున్నగా, లోపల గరుకుగా ఉంటాయి. లోపల వేలు పెట్టి తిప్పితే పొడి రాలింది. ఆ పొడి ఫిల్టర్ దాకా పోతుంది, అక్కడ ఆగుతుందనుకున్నా, రాలే వస్తువును గాలి దారిలో పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. పైగా అది బిర్రుగా ఉండే పదార్థం. కొమ్మ తగిలితే వంగకుండా పగులుతుంది.

స్టీలు పైపువి గట్టివే. కానీ బరువు, ఎండకు కాలతాయి, వెల్డింగ్ అతుకు దగ్గర లోపల తుప్పు మొదలైతే మనకు కనపడదు. చెన్నై ఉప్పుగాలిలో ఇంకో ఇనుప వస్తువును కాపలా కాసే ఓపిక నాకు లేదు.

మూడోది పాలిథిలిన్‌తో అచ్చు పోసినది. ఆస్ట్రేలియా కిట్లలో ఎక్కువగా వాడేది ఇదే, ఎండకు పెళుసు కాకుండా యూవీ నిరోధకం కలిపి పోస్తారు. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగి మళ్లీ వెనక్కి వస్తుంది. అడవిలో కొమ్మ కొట్టినా బతుకుతుంది. ఇదే తీసుకోవాలని తేల్చుకున్నాను.

కొలిచి చూడాల్సింది బయటి సైజు కాదు, లోపలి వ్యాసం. షాపుకు వెర్నియర్ పట్టుకెళ్లాను. అబ్బాయి నన్ను చూసి నవ్వాడు కానీ పనికొచ్చింది. లెక్క ఇది: 2.2 లీటర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర, రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది కాబట్టి, నిమిషానికి 3300 లీటర్ల చోటు నింపాలి. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పంకా) ఒత్తిడితో గాలి రెట్టింపు చిక్కబడితే బయటి నుంచి పీల్చేది 6600 లీటర్లు, అంటే సెకనుకు 110. పైపు లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లయితే ఆ గాలి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే 50 అయితే గంటకు 200. నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి సన్న పైపులో నష్టం ఐదు రెట్లు. పైన వెడల్పుగా కనిపించే స్నార్కెళ్లు ఫెండర్‌లోకి దూరే మోచేయి దగ్గర సన్నబడిపోతాయి. నేను చూసినవాటిలో ఒకటి అక్కడ 55 కూడా లేదు. గొంతు అక్కడ నొక్కేస్తే పైన నోరు ఎంత పెద్దదైతే ఏం లాభం?

పైన గాలి పీల్చే తల విషయానికొస్తే, ముందుకు తిరిగి ఉండే ర్యామ్ తల తీసుకున్నాను. పేరు చూసి అది గాలిని లోపలికి తోసి పవర్ పెంచుతుందనుకుంటారు. మన వేగాల్లో ఆ లాభం లెక్కలోకి రాదు. దాని అసలు పని వాన నీళ్లను విడదీయడం. గాలి లోపల మలుపు తిరిగినప్పుడు బరువైన నీటి బొట్లు గోడకు కొట్టుకుని వెనక ఉన్న సన్న చీలికల్లోంచి బయటికి జారిపోతాయి. పుట్టగొడుగు ఆకారంలో, లోపల రెక్కలు తిరిగే ప్రీ-క్లీనర్ ఇంకో రకం. ట్రాక్టర్ల మీద చూస్తుంటాం. రోజూ క్వారీ దుమ్ములో తిరిగే బండికి అది మేలు. నాకు దుమ్ము తక్కువ, వాన ఎక్కువ.

ఏ వైపు పెట్టాలని కొందరు అడుగుతున్నారు. అది మన ఇష్టం కాదు. ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టర్ ఉండే డబ్బా) ఎటుంటే అటే. రెండో వైపుకు పైపు తిప్పి తెచ్చే కిట్ ఎవరైనా చూపిస్తే, ఎన్ని అతుకులు పెరిగాయో లెక్కపెట్టండి.

సెప్టెంబరు, విప్పడం

పని చేస్తున్నది పల్లావరంలో ఒక మెకానిక్ అన్న షెడ్డులో. ఆయనది కావలి. చెన్నై వచ్చి చాలా కాలమైంది, పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడతారు, స్పానర్ జారితే మాత్రం ఆయన నోట్లోంచి నెల్లూరు తెలుగే వస్తుంది. "తమ్ముడూ, రంధ్రం వేసే ముందు వారం చూస్తా, వేశాక ఇంక చూసేది లేదు" అన్నాడు. ఈ ప్రాజెక్టులో నాకు నచ్చిన మాట.

ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్ తీశాం. ఎయిర్ బాక్స్ మూత, ఫిల్టర్, ఇన్‌టేక్ గొట్టం తీశాం. అసలు పరీక్ష ఇక్కడే. ఖాళీ ఎయిర్ బాక్స్‌లో టార్చ్ వేసి, మూత పెట్టి, షెడ్డు లైట్లు ఆర్పితే ఎక్కడెక్కడ వెలుగు బయటికి వస్తుందో చూశాం. అడుగున నీళ్లు పోయే రంధ్రం నుంచి వచ్చింది. మూత రబ్బరు ఒక మూల నుంచి కూడా సన్నని గీతలా వచ్చింది. మొదటిది కంపెనీ కావాలనే పెట్టింది. వానలో కొద్దిగా నీరు చేరితే కారిపోవాలి. కానీ బాక్స్ నీళ్లలో మునిగినప్పుడు అదే రంధ్రం గొట్టంలా పీలుస్తుంది. కప్పు మీదికి నోరు పెట్టుకుని అడుగున బెజ్జం వదిలేసిన స్నార్కెల్‌కు, జీపీ రోడ్డు డమ్మీకి నీళ్లలో ఏ తేడా లేదు. నేను చూసిన చాలా ఫిట్టింగుల్లో ఈ రంధ్రాన్ని అసలు పట్టించుకోలేదు.

కిట్‌ను ఫెండర్ మీద ఆనించి చూశాం. పిల్లర్ (ముందు అద్దం పక్కన ఉండే స్తంభం) దగ్గర సరిగ్గా కూర్చుంది, బానెట్ తెరిచినా తగలలేదు. తలుపు పూర్తిగా తెరిస్తే అంచుకు, స్నార్కెల్‌కు మధ్య వేలు పట్టేంత సందు ఉంది.

సెప్టెంబరు, రంధ్రాలు వేసిన రోజు

కాగితం టెంప్లేట్ కిట్‌తో వచ్చింది. దాన్ని గుడ్డిగా నమ్మలేదు. ఫెండర్ మొత్తం మాస్కింగ్ టేపు వేసి, టెంప్లేట్ అతికించి, స్నార్కెల్ వెనక ఉన్న స్టడ్ల కొసలకు లిప్‌స్టిక్ రాసి ఫెండర్‌కు ఆనించాం. లిప్‌స్టిక్ మా ఆవిడది, అడిగే తెచ్చాను. గుర్తులు టెంప్లేట్ కేంద్రాలకు రెండు మిల్లీమీటర్లు కిందకు పడ్డాయి. అచ్చు పోసిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది, కాగితానికి ఆ సంగతి తెలియదు. గుర్తులనే నమ్మాం.

ముందు సన్న బిట్‌తో చిన్న రంధ్రం, తర్వాత పెద్ద బిట్, గాలి పైపు దూరేచోట హోల్ సా. తక్కువ స్పీడు, మధ్యమధ్యలో నూనె చుక్క. రేకు పల్చన. తొందరపడితే కొస పట్టుకుని మెలిపెడుతుంది. ఇంజన్ వైపు పాత బెడ్‌షీటు కప్పాం. ఇనుప రజను అక్కడ పడితే మొదటి వానకే తుప్పు మచ్చలు.

రంధ్రాల అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పొడి గుడ్డతో తుడిచి, జింక్ ప్రైమర్ రెండు పూతలు, ఆ పైన బండి రంగు టచప్. ఆరాక అంచు చుట్టూ రబ్బరు బీడింగ్. ఈ పనికి రంధ్రం వేసిన దానికన్నా ఎక్కువసేపు పట్టింది. అన్న ఒకసారి "చాల్లే తమ్ముడూ, పెళ్లికూతురికి పారాణి పెట్టినట్టు పెడుతున్నావే" అన్నాడు. సముద్రానికి ఇంత దగ్గర ఉండి కోసిన రేకును అలాగే వదిలేస్తే మూడో వానాకాలానికి పెయింటు కింద పొంగు కనిపిస్తుంది.

పిల్లర్ మీది బ్రాకెట్‌కు డ్రిల్ చేసేటప్పుడు బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకున్నాం. పిల్లర్ లోపల వైరింగ్ పోతుంటుంది. కొన్ని బండ్లలో సన్‌రూఫ్ నీటి గొట్టం కూడా ఉంటుంది. ట్రిమ్ విప్పి చూసుకున్నాకే బిట్ తాకించాం. మామూలు రేకు స్క్రూలు వద్దని రివెట్ నట్లు (రేకులోనే బిగుసుకుని బోల్టును పట్టుకునేవి) కొట్టాం. స్నార్కెల్ హైవే గాలికి రోజంతా వణుకుతుంది, రేకు స్క్రూ ఆ వణుకుకు రంధ్రాన్ని పెద్దది చేసుకుంటూ పోతుంది.

సెప్టెంబరు చివర, సీలింగ్

పై తల నుంచి టర్బో దాకా అతుకులు లెక్కపెట్టి తెల్లకాగితం మీద గీశాను. తల నుంచి గొట్టం, గొట్టం నుంచి మోచేయి, మోచేయి నుంచి సిలికాన్ హోస్, హోస్ నుంచి ఎయిర్ బాక్స్, బాక్స్ మూత, గాలి కొలిచే సెన్సర్ కూర్చునే చోటు, అక్కడి నుంచి టర్బోకు పోయే గొట్టం, మధ్యలో క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది భాగం) ఆవిరి వచ్చి కలిసే సన్న గొట్టం. ఆ సన్న గొట్టాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అటువైపు డిప్‌స్టిక్ ఓ-రింగ్ వదులైనా లోపలికి దారి ఉన్నట్టే. వీటిలో తల, గొట్టం మధ్య అతుకు ఒక్కటే కాస్త వదులుగా ఉన్నా ఫరవాలేదు, అది కప్పు ఎత్తులో ఉంది.

కిట్‌తో వచ్చిన పురి క్లిప్పులు తీసేసి టి-బోల్ట్ క్లాంపులు వేశాం. పురి క్లిప్పు అంచు మెత్తటి సిలికాన్‌ను కోస్తుంది, ఒత్తిడి చుట్టూ సమంగా పడదు. క్లాంప్ కింద ఎక్కడా సీలెంట్ రాయలేదు. షాపులో అబ్బాయి "సిలికాన్ కొట్టండి సార్, సరిపోతుంది" అన్నాడు. అలా కొట్టిన చోట లోపలికి పొంగిన ముద్ద ఆరి ఊడిందంటే దాని ప్రయాణం ఎటో చెప్పక్కర్లేదు. సీలెంట్ వాడింది ఒక్క మోచేయి, స్నార్కెల్ బాడీ కలిసే అతుకులోనే. పాలిథిలిన్‌కు మామూలు జిగురు అంటదు కాబట్టి ముందు గరుకు కాగితంతో రుద్ది, దానికి సరిపడే ప్రైమర్ వేసి, ఒక రాత్రి వదిలేశాం.

అడుగు రంధ్రానికి బాతు ముక్కు ఆకారంలో ఉండే రబ్బరు వాల్వు పెట్టాం. ఇంజన్ నడుస్తుంటే లోపలి పీల్పుకు దాని పెదాలు మూసుకుంటాయి. ఆపితే తెరుచుకుని, చేరిన చుక్కలు కారిపోతాయి. పూర్తిగా మూసేయడం తేలిక, కానీ కుండపోత వానలో తల దాటి లోపలికి వచ్చిన ఆ కొద్ది నీటికి బయటి దారి ఉండాలి. బాక్స్ మూత రబ్బరు కొత్తది వేశాం. పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో పాతది దొరుకుతుందన్నారు. రబ్బరు వస్తువు పాతది కొనేది లేదని షోరూం నుంచే తెప్పించాను.

తర్వాత పరీక్ష. తల ఊడదీసి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, గొట్టం నోటి మీద హవాయి చెప్పు అడుగు భాగం గట్టిగా ఆనించాలి. దారి మొత్తం బిగుతుగా ఉంటే కొన్ని క్షణాల్లో ఇంజన్ వణికి ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడినుంచో గాలి దొంగతనంగా వస్తున్నట్టు. ఆర్‌పీఎం పెంచి మాత్రం ఈ పని చేయకూడదు. టర్బో పీల్పుకు గొట్టాలు నలిగిపోతాయి. చేయి అసలు పెట్టకూడదు.

మాది ఆగలేదు. గొంతు నొక్కినట్టు ముక్కుతూ నడుస్తూనే ఉంది.

క్లాంపులన్నీ మళ్లీ చూశాం, ఫలితం లేదు. చివరికి సాంబ్రాణి పని చేసింది. ఫిల్టర్ తీసేసి, టర్బో వైపు గొట్టానికి బిరడా పెట్టి, ఒక డబ్బాలో సాంబ్రాణి కప్పులు వెలిగించి, కంప్యూటర్ దుమ్ము ఊదే చిన్న బ్లోయర్‌తో ఆ పొగను పై నుంచి మెల్లగా పంపాం. షెడ్డు గుడిలా అయింది. పక్క షాపు వాళ్లు వచ్చి ఏం పూజ అని అడిగారు. పొగ ఫెండర్ లోపల మోచేయి దగ్గర సన్న దారంలా లేచింది. అతుకు బాగానే ఉంది. మోచేయికే అచ్చు రెండు సగాలు కలిసే గీత మీద వెంట్రుకవాసి పగులు. పోతపోసినప్పటి లోపం. కిట్ అమ్మినవాళ్లు ఫొటోలు చూసి మారు మాట్లాడకుండా ఇంకో మోచేయి పంపారు. దానికి కూడా బిగించే ముందే పొగ పెట్టి చూశాం.

రెండోసారి చెప్పు ఆనించగానే ఇంజన్ ఒక్క కుదుపుతో ఆగింది. అన్న ఏమీ అనలేదు, టీ చెప్పాడు.

అక్టోబరు, బ్రీదర్లు

స్నార్కెల్ పెట్టి బ్రీదర్లు వదిలేస్తే సగం పని చేసినట్టే. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే డబ్బా)లలో నూనె వేడికి గాలి వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. హైవే మీద కాలిపోయి వచ్చిన డిఫరెన్షియల్‌ను చల్లటి వంక నీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే దానిగుండా, మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీలు పెదవి గుండా నీళ్లు లోపలికి పోతాయి. నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది. బేరింగుల శబ్దం మొదలయ్యేదాకా తెలియదు.

అన్నిటికీ డీజిల్ తట్టుకునే గొట్టం వేసి, ఛాసిస్ వెంట క్లిప్పులతో తీసుకొచ్చి, ఇంజన్ బేలో వెనక గోడ మీద ఎత్తున ఒక్కచోట చేర్చి, కొసలకు చిన్న ఫిల్టర్లు పెట్టాం. వెనక యాక్సిల్ పైకి కిందికి ఆడుతుంది కాబట్టి అక్కడ గొట్టం వదులు ఎక్కువ ఇచ్చాం, వేడి పైపుకు దూరంగా. సామాను ఖర్చు తక్కువ, బండి కింద పడుకుని చేసే శ్రమే ఎక్కువ. నన్నడిగితే, స్నార్కెల్ కొనే డబ్బు లేనివాళ్లు కూడా ఇదొక్కటి చేయించుకోవాలి.

అక్టోబరు, రోడ్డు మీద

మొదట తెలిసేది శబ్దం. టర్బో ఈల, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ఊపిరి అంతా ఇప్పుడు చెవి పక్కనే. మా అబ్బాయికి తెగ నచ్చింది, మా ఆవిడకు నచ్చలేదు. స్కానర్ పెట్టి గాలి సెన్సర్ రీడింగులు పని ముందు, తర్వాత రాసుకున్నాను. ఐడిల్‌లోనూ, 2500 ఆర్‌పీఎం దగ్గరా చెప్పుకోదగ్గ తేడా లేదు, ఇంజన్ లైటు వెలగలేదు. మైలేజీ పెరుగుతుందని ఎవరో చెప్పారు. పెరగలేదు. పెరగాలని నేనూ అనుకోలేదు.

తోటకు నీళ్లు పెట్టే గొట్టంతో తల మీద ఎదురుగా నీళ్లు కొట్టి చూశాం, చీలికల్లోంచి జలజలా బయటికి వచ్చేశాయి. బాక్స్ అడుగున తడి మాత్రమే ఉంది. నాగలాపురం వైపు మట్టిదారిలో ముందు బండి లేపిన ఎర్ర దుమ్ములో పోయినప్పుడు, తలను వెనక్కి తిప్పి పెట్టాను. క్లాంప్ వదులు చేసి తిప్పితే సరిపోతుంది. తిరిగొచ్చి ఫిల్టర్ తీసి చూస్తే ఇదివరకు అలాంటి దారిలో తిరిగొచ్చినప్పటి కన్నా శుభ్రంగా ఉంది. టైర్లు లేపే బరువైన దుమ్ము బంపర్ ఎత్తులోనే ఎక్కువ, కప్పు ఎత్తులో గాలి తేటగా ఉంటుంది. నీళ్లు ఏడాదికి కొన్ని రోజులే, దుమ్ము మిగతా రోజులన్నీ. స్నార్కెల్ రోజూ అక్కరకు వచ్చేది దీనికేనని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

నవంబరు, వంక

అల్పపీడనం పట్టి రెండు రోజులు కురిసి వెలిసింది. ఊరి దారిలో చప్టా పక్కన, ప్రవాహం లేకుండా నీళ్లు నిలిచిన పాత బాట ఒకటుంది. పరీక్ష అక్కడ పెట్టుకున్నాం, బావ బండి తాడుతో సహా వెనక సిద్ధంగా ఉంది.

ముందు చెప్పులు విప్పి, కర్ర పట్టుకుని నడిచి చూశాను. కర్ర మీద 650 దగ్గర ఎర్ర టేపు చుట్టాను. అడుగు గట్టిగా ఉంది, లోతైన చోట నీళ్లు టేపుకు జానెడు కింద ఆగాయి. ఎయిర్ బాక్స్ అడుగున, ఫిల్టర్‌కు ఇవతలి పక్క, టిష్యూ కాగితం ముక్క నాలుగు వైపులా టేపుతో అతికించాను. తడిస్తే చూడగానే తెలుస్తుంది. ఫిల్టర్ అవతల ఏ వస్తువూ పెట్టకూడదు, టర్బో మింగేస్తుంది. ఇంజన్‌ను కాసేపు ఆపి యాక్సిళ్లు చల్లారనిచ్చాను.

ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అమరిక), రెండో గేరు. నెమ్మదిగా దిగి, దిగాక ఒకే వేగం. బంపర్ ముందు అల లేస్తుంది, దాని వెనక ఇంజన్ బేలో నీటి మట్టం కాస్త తగ్గుతుంది. ఆ అలను మనమే తోసుకుంటూ పోవాలి, దాటిపోకూడదు. మధ్యలో క్లచ్ తొక్కలేదు, గేరు మార్చలేదు. వేగంగా దూకితే నీళ్లు బానెట్ మీదికి ఎగసి వీడియోకు బాగుంటుంది. కానీ ఫ్యాన్ రెక్కలు నీళ్లను కొట్టుకుని ముందుకు వంగి రేడియేటర్‌ను గీసిన బండ్లు ఉన్నాయి.

అవతలి గట్టు ఎక్కాక బ్రేకు మీద కాలు ఆనించి కొంతదూరం నడిపి ప్యాడ్లు ఆరబెట్టాను. బాక్స్ తెరిచాం. టిష్యూ పొడిగా ఉంది. బావ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "సరే, నీ పైపు పనిచేస్తోంది" అన్నాడు. వెంటనే అటు చప్టా వైపు చూపించి, "మరి దాని మీద పోదామా?" అన్నాడు.

దాని మీద పోలేదు. చప్టా మీద నీళ్లు మోకాలికి కూడా లేవు, కానీ పారుతున్నాయి. అమెరికా వాతావరణ శాఖ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చాలా కార్లను, 60 ఉంటే ఎస్‌యూవీలను కూడా కొట్టుకుపోగలవు. అంటే 650 మిల్లీమీటర్లన్నది నిలిచిన నీళ్ల లెక్క. పారే నీళ్లలో అది పనికిరాదు, స్నార్కెల్ ఉన్నా సరే. పైగా మా చప్టాకు గోడ లేదు, నీళ్ల కింద అంచు ఎక్కడుందో కనపడదు. వెనక్కి తిరిగి నాయుడుపేట మీదుగా చుట్టు తిరిగి ఊరికి పోయాం.

మరుసటి వారం డిఫరెన్షియల్ నూనె కొద్దిగా తీసి గాజు గ్లాసులో పోసి చూశాం, రంగు మారలేదు. మిగిలిన పనులు: పిల్లర్ బ్రాకెట్ బోల్టులు మరోసారి బిగించాలి, ప్లాస్టిక్ సర్దుకున్నాక అవి కొంచెం వదులవుతాయి. బాతు ముక్కు వాల్వు ఒకటి స్పేర్ తెప్పించాలి. లైనర్ కింద ఒక క్లిప్పు విరిగింది, పుదుపేటలో వెతకాలి. క్లిప్పు పాతదైనా ఫరవాలేదు.